మా ఇంటి తుమ్మెద రొద

తెలుగులో చప్పుళ్ళకి ఉన్నన్ని మాటలు ఇంకే విషయానికీ లేవేమో అనిపిస్తుంది నాకు. నీళ్ళు గలగలమంటాయి, గాజులు ఘల్లుమంటాయి, పులుసు కుతకుతమంటుంది, పోపు చిటపటమంటుంది. బి.ఏ. తెలుగులో ధ్వన్యనుకరణ పదాలని పరీక్ష కోసం జాబితా రాసుకుని బట్టీ పట్టాం. ఇరవై ఏళ్ళ తరవాత ఆ జాబితా ఒక ఎలక్ట్రానిక్ పెట్టెలో రోగం కనిపెట్టడానికి పనికొస్తుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

ఆ పెట్టె మా అమ్మాయి చేసిన గిటారు ఆంప్లిఫయర్. కొన్నది కాదండీ, చేసిందే. అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం, ఎలక్ట్రానిక్స్. ఇంటర్‌లో ఉన్నప్పటి నుంచీ గిటారు వాయిస్తుంది. వేసవి సెలవులకి హాస్టల్ నుంచి వచ్చి, "అమ్మా, ట్యూబ్ ఆంప్ కడుతున్నా" అంది. ట్యూబంటే నాకు తెలిసింది ట్యూబ్‌లైటు, సైకిలు ట్యూబు. ఇది వేరే. పాత రేడియోల్లో గాజుబుడ్డి లోపల సన్నగా ఎర్రగా వెలిగేవి చూడండి, ఆ వాల్వులు. ట్రాన్సిస్టర్లు వచ్చాక అన్నిచోట్లా అవి మూలపడ్డాయి కానీ, గిటారు వాయించేవాళ్ళు మాత్రం వదల్లేదు. గట్టిగా మీటినప్పుడు ఆ వాల్వు స్వరాన్ని కటుక్కున తుంచెయ్యకుండా మెల్లగా నలిపి, కాస్త గరుకు చేసి పంపిస్తుందిట. వాళ్ళకి ఆ గరుకే తీపి.

మా అత్తయ్యగారు వెంటనే పోల్చేశారు. "మన మర్ఫీ రేడియోలో ఉండేవే కదే ఇవి! స్విచ్చి వేశాక వేడెక్కేదాకా పలికేది కాదు. వార్తల టైముకి మీ తాతయ్య ముందే వేసి కూర్చునేవారు" అన్నారు మనవరాలితో. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు కూడా ఈ వాల్వులు తయారుచేసేవారుట.

మావారికి మాత్రం ఇది సుతరామూ నచ్చలేదు. దానికి కారణం ఉంది. అమ్మాయికి ఒక సబ్జెక్టు ఉండిపోయింది. ఆ సబ్జెక్టు పేరు ఎలక్ట్రానిక్ సర్క్యూట్స్ కావడం ఆయన కోపానికి ఉప్పూకారం. "పుస్తకంలో సర్క్యూటు రాదు కానీ బల్లమీద కడుతుందిట! ఆడపిల్ల చేతిలో ఆ సోల్డరింగ్ ఐరన్ ఏంటి, మూడొందల వోల్టులేంటి?" అన్నారు. చివరికి ఒక గడువు పెట్టారు. సెలవులు అయ్యేలోపు ఆ పెట్టె సరిగ్గా పలకాలి. లేకపోతే అది అటకెక్కుతుంది, గిటారు కూడా దాని పక్కనే ఎక్కుతుంది. ఆ మాటతో తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు బందు. "మీ నాన్నకి చెప్పు", "మీ కూతురికి చెప్పు" అంటూ ఇద్దరికీ నేనే పోస్ట్‌మ్యాన్‌ని.

నా భయం వేరు. మూడొందల వోల్టులన్నది ఉత్త మాట కాదు. ఈ ఆంప్‌లో గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టులని ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా పెంచుతుంది, డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి, కెపాసిటర్లు దాన్ని పట్టి ఉంచుతాయి. స్విచ్చి కట్టేసి ప్లగ్గు పీకేసినా ఆ కెపాసిటర్లలో కరెంటు ఉండిపోతుంది. కుక్కర్ పొయ్యి మీంచి దించాం కదాని వెంటనే మూత తియ్యం చూడండి, అలాంటిదే. అందుకని నేను కొన్ని షరతులు పెట్టాను. ఇంట్లో ఇంకో మనిషి లేనప్పుడు పెట్టె తెరవకూడదు. కెపాసిటర్లు వాటంతటవే ఖాళీ అయ్యేలా అడ్డంగా ఒక రెసిస్టర్ శాశ్వతంగా ఉండాలి. ప్లగ్గు పీకాక మూడు నిమిషాలు ఆగి, మీటరు పెట్టి, సున్నాకి వచ్చిందని నాకు చూపించాకే లోపల చెయ్యి పెట్టాలి. కరెంటు ఉండగా ఏదైనా కొలవాలంటే ఎడమచెయ్యి వెనక్కి కట్టుకోవాలి. రెండు చేతులూ పెడితే కరెంటు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి గుండె మీదుగా పోతుంది. రబ్బరు చెప్పులు సరేసరి. ఇవన్నీ తనే చెప్పింది, నేను వాటిని షరతులుగా మార్చానంతే.

కోఠీ గుజరాతీ గల్లీలో రెండు రోజులు తిరిగి సామాను తెచ్చుకున్నాం. చిన్న ఆంప్, అయిదు వాట్లు. వాల్వులు రెండే. ముందు 12ఏఎక్స్7, చివర స్పీకరుని నడిపేది ఈఎల్84. పెట్టెకి రంధ్రాలు పెట్టకముందు అమ్మాయి ఒక పని చేసింది, నాకు భలే ముచ్చటేసింది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ని జాగ్రత్తగా కరెంటుకి కలిపి బల్లమీద పెట్టింది. స్పీకరుకి వెళ్ళే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ని దేనికీ కలపకుండా, దాని స్పీకరు తీగలకి హెడ్‌ఫోన్లు తగిలించి చెవిన పెట్టుకుంది. రెండింటి మధ్యా తీగ అన్నదే లేకపోయినా గుంయ్‌మని వినిపిస్తోంది! పెద్దదాని అయస్కాంత క్షేత్రం గాల్లోంచే చిన్నదానికి తగులుతుందిట. చిన్నదాన్ని మెల్లగా తిప్పుతూ ఉంటే ఒక కోణంలో ఆ చప్పుడు దాదాపు మాయమైంది. రెండూ ఒకదానికొకటి అడ్డంగా, తొంభై డిగ్రీల్లో ఉన్న చోట. అక్కడ పెన్సిలుతో గీత గీసి రంధ్రాలు పెట్టింది. తోడికోడళ్ళని పక్కపక్కన కూర్చోబెట్టడంలో కూడా ఇలాంటి కోణాలు ఉంటాయని అత్తయ్యగారు అన్నారు. నేను విననట్టు ఊరుకున్నాను.

పన్నెండో రోజున ఆంప్ వెలిగింది. గిటారు పలికింది. దానికంటే గట్టిగా రొద పలికింది. గదిలో ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం పెట్టినట్టు ఒకటే మోత. పక్కగదిలోంచి మావారు టీవీ సౌండు పెంచారు.

పైగా ఇంకో సంగతి. గిటారు తీగల మీద చెయ్యి వేస్తే సన్నగా జివ్వుమంటోంది అంది అమ్మాయి. సామాను కొన్న షాపుల్లో ఒకదానికి ఫోన్ చేస్తే అతను తేలిగ్గా, "మూడు పిన్నుల ప్లగ్గులో పైన లావు పిన్ను ఉంటుందే, ఆ వైరు కత్తిరించెయ్యండి, రొద తగ్గుతుంది, అందరూ చేసేదే" అన్నాడు. ఆ లావు పిన్ను ఎర్తింగ్. మిగిలిన రెండింటికంటే పొడుగ్గా ఎందుకుంటుందో తెలుసా? ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికంటే ముందు అదే తగలాలి, తీసేటప్పుడు అన్నిటికంటే చివర అదే వదలాలి. పెట్టెలో ఎక్కడైనా తీగ ఊడి రేకుకి తగిలితే, కరెంటు ఆ పిన్నులోంచి భూమిలోకి పోవాలి, ఫ్యూజు ఎగరాలి. అది లేకపోతే కరెంటు వెళ్ళే దారి మనిషే. గిటారు తీగలు లోపల్లోపల ఆ పెట్టె రేకుకే కలిసి ఉంటాయి మరి. 1972లో స్వాన్సీ అనే ఊళ్ళో లెస్ హార్వీ అనే గిటారు కళాకారుడు ఎర్తింగ్ సరిగ్గా లేని మైకు ముట్టుకుని, వేదిక మీదే చనిపోయాడని అమ్మాయి చెప్పింది. చెప్పి, "నేను కత్తిరించనమ్మా, రొదతోనే అటకెక్కినా సరే" అంది. ఆ క్షణంలో సబ్జెక్టు పోయిన సంగతి నేను మర్చిపోయాను.

సరే, ఎర్తు వైరు ప్లగ్గులో భేషుగ్గా ఉంటే తీగలు ఎందుకు జివ్వుమంటున్నాయి? తను మీటరు పట్టుకుని గోడ సాకెట్ దగ్గర కూర్చుంది. కాసేపటికి ముఖం మారింది. "అమ్మా, మన ఎర్తింగే పనిచెయ్యట్లేదు" అంది.

మేం ఈ ఇల్లు కొనుక్కుని వచ్చి రెండేళ్ళు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. అతను ఒక బల్బు తీసుకుని ఒక తీగ ఫేజుకి, ఇంకోటి ఎర్తుకి పెట్టాడు. బల్బు నిండుగా వెలగాలి. మిణుగురు పురుగులా ఉంది. ఎర్తు వైరు పట్టుకుని బయటికి వెళ్ళి వెతికితే, ఎర్తు గొయ్యి కారు పెట్టే చోట టైల్స్ కింద ఉంది. అంతకుముందు వాళ్ళు టైల్స్ వేయించినప్పుడు పైన కప్పేశారు. గొయ్యి ఎండి రాయయింది, లోపల తీగ తుప్పు పట్టి తెగింది. అంటే ఈ రెండేళ్ళూ మా గీజరు, వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, గ్రైండరు అన్నీ మూడు పిన్నుల ప్లగ్గులు పెట్టుకుని రెండు పిన్నుల మీద నడుస్తున్నాయి. తడి చేతులతో రోజూ వాటిని ముట్టుకునేది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

మావారు వరండాలో నిలబడి ఆ తవ్విన టైల్స్ చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. బాత్రూంలో గీజరు కింద రోజూ ముందు నీళ్ళు పోసుకునేది వాళ్ళమ్మ. సాయంత్రానికి కొత్త గొయ్యి తవ్వించి, బొగ్గు, ఉప్పు వేయించి, కొత్త రాడ్డు దింపించారు. మెయిన్ బోర్డులో ముప్ఫై మిల్లీ ఆంపియర్లకే కరెంటు కట్టేసే ఆర్‌సీసీబీ కూడా పెట్టించారు. కూతురితో మాత్రం ఏమీ అనలేదు.

మర్నాడు తీగలు జివ్వుమనడం మానేశాయి. రొద సగం తగ్గింది. సగం మిగిలింది. ఇక్కడే నా జాబితా పనికొచ్చింది.

అమ్మాయి నన్ను అడిగింది, "అమ్మా, ఈ చప్పుడు ఎలా ఉందో సరిగ్గా చెప్పు." నేను విని, "దీన్లో రెండున్నాయి. కింద గుంయ్‌మని మెత్తగా తుమ్మెదలా ఒకటి, దాని మీద జుర్రుమని కందిరీగలా ఒకటి" అన్నాను. అత్తయ్యగారు పెళ్ళికి ముందు ఏడేళ్ళు వీణ నేర్చుకున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని, "రెండూ ఒకే స్వరం. ఒకటి మంద్రం, ఒకటి దాని పై స్థాయి" అన్నారు.

అమ్మాయి ఎగిరి గంతేసింది. ఎందుకంటే మన కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది. వాల్వులని వేడిచేసే తీగల్లోంచీ, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచీ వచ్చే రొద ఆ యాభైలోనే ఉంటుంది. డయోడ్లు దాన్ని డీసీగా మార్చేటప్పుడు కింది సగాన్ని కూడా పైకి తిప్పేస్తాయి కాబట్టి, సరిగ్గా వడకట్టకపోతే మిగిలే అల నూరు అవుతుంది. యాభైకి నూరు సరిగ్గా ఒక స్థాయి పైన. అంటే రెండు రోగాలున్నాయి, రెండింటికీ రెండు మందులు.

ముందు వాల్యూమ్ సున్నాకి తిప్పి చూసింది. రొద అలాగే ఉంది. అంటే అది గిటారు నుంచో, మొదటి మెట్టు నుంచో రావట్లేదు, వాల్యూమ్ తరవాత ఎక్కడో పుడుతోంది. కట్టేసి, చల్లారాక, ముందు వాల్వు పీకేసి మళ్ళీ వేసింది. తుమ్మెద మాయం, కందిరీగ మాత్రం ఉంది. అంటే నూరు పవర్ సప్లై నుంచి, యాభై ముందు వాల్వు దగ్గర నుంచి. జ్వరం ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసుకోవడానికి డాక్టరుగారు ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోతారే, అచ్చం అలాగే.

నూరుకి మందు వడపోత. పెద్ద ఆంపుల్లో చివరి వాల్వులు జంటగా ఉండి ఒకదాని రొదని ఇంకోటి కొట్టేస్తుంది. దీన్లో ఒంటి వాల్వు, కాబట్టి సప్లైలో ఉన్న మురికంతా స్పీకర్లోకి వచ్చేస్తుంది. మొదటి కెపాసిటర్ 47 మైక్రోఫారడ్లది. తన లెక్కలో దాని మీద ఇంకా పది వోల్టుల అల ఉంది. దాని తరవాత 150 ఓముల రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఇంకోటి కలిపితే ఆ పది ఒకటి చిల్లరకి దిగింది. కాఫీ ఫిల్టరులోంచి దిగినదాన్ని మళ్ళీ పలచటి గుడ్డలో వడకట్టినట్టన్నమాట.

ఇంకోటి, గ్రౌండు తీగలు. కెపాసిటర్ నిండేటప్పుడు కరెంటు నెమ్మదిగా కాదు, కుండపోతగా వచ్చి ఆగిపోతుంది, సెకనుకి నూరుసార్లు. అది వెనక్కి పోయే తీగలోనే గిటారు నుంచి వచ్చే చీమంత సిగ్నల్ తీగ కూడా కలిస్తే, ఆ కుదుపంతా దానికి తగులుతుంది. కింద వాటావాళ్ళు మోటారు వేస్తే మన కుళాయి ధార వణుకుతుంది చూడండి, అదే. అందుకని మొదటి కెపాసిటర్ తీగని నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌కే చేర్చింది, ముందు వాల్వు గ్రౌండులన్నీ వేరేగా గిటారు జాక్ దగ్గరికి తెచ్చి అక్కడొక్కచోటే రేకుకి కలిపింది. ప్లగ్గు నుంచి వచ్చే ఎర్తు వైరు మాత్రం రేకుకి బోల్టుతో, ఎవరితోనూ కలవకుండా, విడిగా. కందిరీగ వెళ్ళిపోయింది. అత్తయ్యగారు "పై స్థాయి లేదిప్పుడు" అని తీర్పు ఇచ్చారు.

ఇక తుమ్మెద. వాల్వులని వేడిచేసే తీగల్లో 6.3 వోల్టుల ఏసీ, ఒక ఆంపియరు పైగా పోతుంది. ఆ రెండు తీగలూ విడివిడిగా వెళితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పరుచుకుంటుంది. రెండింటినీ బిగువుగా మెలివేస్తే, ఒకదాన్లో పోయేది, ఇంకోదాన్లో వచ్చేది కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తను మెలేసింది కానీ వదులుగా, పెళ్ళి కాలేజీ హడావుడిలో వేసుకున్న జడలా ఉంది. "ఇటివ్వు" అని నేను తీసుకున్నాను. వత్తులు చేసిన చేతులు, జడలు వేసిన చేతులు. సందు లేకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువులో మెలివేసి ఇచ్చాను. దాన్ని పెట్టె మూలకి అదిమి, సిగ్నల్ తీగలకి దూరంగా నడిపింది. మా ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ చుట్టకి మధ్య తీగ లేదు కాబట్టి, రెండు తీగల నుంచీ గ్రౌండుకి చెరొక నూరు ఓముల రెసిస్టర్ పెట్టింది. త్రాసులో రెండు తట్టలూ సమం చేసినట్టు.

వేశాం. వాల్వులు వేడెక్కాయి. ఏమీ వినిపించలేదు. అమ్మాయి కంగారుగా, "పలుకుతోందా?" అని తీగ మీటింది. పలికింది! గది నిండా, గుండ్రంగా, వెచ్చగా.

పూర్తి నిశ్శబ్దం అని అబద్ధం చెప్పను. వాల్యూమ్ బాగా పెంచితే సన్నటి రొద ఒకటి ఉంది. అది ఆంప్‌ది కాదు, గిటారుది. తీగల కింద ఉండే ఒంటిచుట్ట పికప్పు చుట్టుపక్కల కరెంటు రొదని కూడా పట్టేస్తుంది. గిటారు పట్టుకుని ఫ్రిజ్ వైపు తిరిగితే ఎక్కువవుతుంది, కిటికీ వైపు తిరిగితే తగ్గుతుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఆయన దీనికి విరుగుడుగా రెండు చుట్టలు ఎదురెదురుగా చుట్టి, రొదని రొదతోనే కొట్టించాడు. "నీ మెలిక సూత్రమేనమ్మా" అంది అమ్మాయి. ఆ పికప్పు ఖరీదు కూడా చెప్పింది. ప్రస్తుతానికి కిటికీ వైపు తిరిగి వాయించుకోమన్నాను.

ఆ రాత్రి మావారు గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నెల రోజుల తరవాత కూతురితో నేరుగా మాట్లాడారు. "ఆ వడపోత లెక్క, పది వోల్టులు ఒకటయిందన్నావే, అది పరీక్షలో వస్తుందా?" అని. "వస్తుంది నాన్నా, పోయినసారి అదే వచ్చింది. అప్పుడు నాకు అర్థం కాలేదు" అంది. "అయితే నాకు చెప్పు" అని కుర్చీ లాక్కున్నారు. ఆయన బి.కాం. ఆ రాత్రి రిపుల్ అంటే ఏమిటో ఆయనకి అర్థమయ్యేదాకా చెప్పడంలో దానికి ఇంకా బాగా అర్థమైనట్టుంది. పరీక్ష వచ్చే నెల. ఏమవుతుందో చూడాలి.

మీకు ఆంప్ కట్టే పని పడదేమో. కానీ వాషింగ్ మెషినో గీజరో ముట్టుకుంటే జివ్వుమంటే, "చెప్పులు వేసుకో, సరిపోతుంది" అని ఎవరైనా అంటే వినకండి. ఎర్తు గొయ్యి ఎక్కడుందో ఇంటివాళ్ళని అడగండి, బల్బు పెట్టి చూడమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి, బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఎండాకాలంలో తులసికోటకి నీళ్ళు పోసినప్పుడు ఆ గొయ్యిలో కూడా ఒక చెంబుడు పొయ్యండి. మా అత్తయ్యగారు ఇప్పుడు రోజూ పోస్తున్నారు.